బ్యాటరీ ఎలిమినేటర్ నేర్పిన పాఠం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు మైకు ముందర మాట్లాడే అలవాటు లేదు. మైకు పాడైతే బాగుచేసే అలవాటు మాత్రం ఉంది. సంఘం వాళ్ళు షాపుకు వచ్చి, "అన్నా, డాక్టర్లు, ఇంజనీర్లు, అమెరికా నుంచి వచ్చినవాళ్ళు అందరూ మాట్లాడతారు. నువ్వు మన ఊర్లోనే ఉండి పని చేసుకుంటా ఉండావు. నీ పని గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. పాకాలలో ఆటో ఎలక్ట్రికల్ షాపు పెట్టి నాకు ముప్పై ఏళ్ళు దాటింది. తెలిసింది ఆ పనే కాబట్టి ఆ పని గురించే చెబుతాను.

ఈ మధ్య నా షాపుకొచ్చే పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మామా, కారు సెట్టును ఇంట్లో కరెంటు మీద పాడించొచ్చునా?" పాత కారు అమ్మేస్తారు, సెట్టు మాత్రం పీకి ఇంట్లో పెట్టుకుంటారు. గుజరీలో తక్కువకు దొరికిందని ఒకడు తెస్తాడు. టీ అంగడిలో పాటలు పెట్టాలని ఇంకొకడు తెస్తాడు. అందరి చేతిలోనూ ఇంటర్నెట్టు డబ్బాకు వాడే చిన్న అడాప్టరు ఒకటి ఉంటుంది. "దీని మీద 12 వోల్టులని రాసుంది, కారు కూడా 12 వోల్టులే కదా, సరిపోతుంది కదా?" అంటారు.

12 వోల్టులుంటే చాలా? ఆ ప్రశ్నకు జవాబు నేను ఈ బడిలోనే నేర్చుకున్నాను. కాకపోతే పరీక్ష రాసేటప్పుడు కాదు, బడి వదిలిపెట్టిన తర్వాత.

నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మన సైన్సు ల్యాబులో బూడిద రంగు ఇనుప పెట్టె ఒకటుండేది. ముందర ఒక గుండ్రటి నాబు, దాని చుట్టూ 2, 4, 6, 8, 10, 12 అని అంకెలు, కింద ఒక ఎర్ర టెర్మినలు, ఒక నల్ల టెర్మినలు. దాని పేరు బ్యాటరీ ఎలిమినేటర్. ఆ పేరెందుకు వచ్చిందని మా ఫిజిక్సు సారు ఒకసారి అడిగితే ఎవరమూ చెప్పలేకపోయాము. "బ్యాటరీ అక్కర్లేకుండా చేసేది రా" అని ఆయనే చెప్పారు.

ఆ పేరు వెనక ఒక కథ ఉందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అమెరికాలో షికాగో నగరంలో 1928లో పాల్ గాల్విన్ అనే ఆయన, తన సోదరుడు జోసెఫ్‌తో కలిసి ఒక చిన్న కంపెనీ పెట్టారు. ఆ రోజుల్లో ఇళ్ళలో రేడియోలు బ్యాటరీల మీద నడిచేవి. వాటిని ఇంటి కరెంటు మీద నడిపే బ్యాటరీ ఎలిమినేటరే ఆ కంపెనీ మొదట అమ్మిన వస్తువు. తర్వాత నేరుగా కరెంటు మీద నడిచే రేడియోలే వచ్చేసరికి దానికి గిరాకీ పడిపోయింది. అప్పుడు వాళ్ళు 1930లో కారులో పెట్టుకునే రేడియో చేసి, దానికి మోటరోలా అని పేరు పెట్టారు. అంటే ముందు ఇంటి రేడియోను బ్యాటరీ నుంచి విడిపించారు, తర్వాత రేడియోను కారు బ్యాటరీ దగ్గరికి తీసుకెళ్ళారు. ఇప్పుడు మన పిల్లలు ఆ కారు రేడియోను మళ్ళీ ఇంటికి తెస్తున్నారు.

మనం జంక్షన్ ఊరి పిల్లలం. తిరుపతి వైపు, కాట్పాడి వైపు, ధర్మవరం వైపు పోయే బండ్లు చూస్తా పెరిగినాము. మీటర్ గేజి రోజుల్లో పెట్టె కింద ఇరుసుకు బెల్టు వేసిన డైనమో ఉండేది, పక్కన బ్యాటరీల పెట్టె ఉండేది. బండి పరుగెత్తేటప్పుడు డైనమో లైట్లు వెలిగించి, బ్యాటరీని కూడా ఛార్జి చేసేది. స్టేషన్‌లో నిలబడితే బ్యాటరీ ఆదుకునేది. కారులోనూ ఇదే ఏర్పాటు. డైనమో స్థానంలో ఆల్టర్నేటరు వచ్చింది, అంతే తేడా.

ఇక నా కథ. పదో తరగతి అయినాక చిత్తూరులో ఒక ఆటో ఎలక్ట్రికల్ షాపులో హెల్పరుగా చేరినాను. జీతం నెలకు 150 రూపాయలు. మామిడికాయల సీజను. దామలచెరువు మండీకి కాయలు తోలే ఒక వ్యాపారి జీపులో కొత్త టేపురికార్డరు పెట్టించుకున్నాడు. మధ్యలో పాట ఆగిపోతా ఉందని, సెట్టు విప్పి మా షాపులో ఇచ్చి పోయినాడు. ఓనరు లేడు. నాకేమో ఆయన వచ్చేలోగా పని పూర్తిచేసి మెప్పు పొందాలని ఆశ. షాపులో ఉన్న బ్యాటరీలన్నీ ఛార్జింగులో ఉండాయి. నేను ఒక బ్యాటరీ నుంచి ఛార్జరు క్లిప్పులు పీకి, నేరుగా సెట్టుకు తగిలించినాను.

తగిలించే ముందు మీటరు పెట్టి చూసినాను. ముల్లు 12 దగ్గర నిలబడింది. ఇంకేమి, సరిపోయింది అనుకున్నాను. సెట్టు లైటు వెలిగింది. పాట రెండు క్షణాలు వచ్చింది. తర్వాత లోపల 'టప్' మని శబ్దం, పొగ, ఆ తర్వాత ఏమీ లేదు.

ఆ సెట్టు ఖరీదు 1500 రూపాయలు. నా పది నెలల జీతం. ఓనరు మంచివాడు. "సగం నేను పెట్టుకుంటాను, సగం నీ జీతంలో పట్టుకుంటాను" అన్నాడు. నెలకు 50 చొప్పున 15 నెలలు పట్టుకున్నాడు. ఇంట్లో మా అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. నా జీతమే 100 రూపాయలని చెప్పినాను.

నాకు డబ్బు పోయినదానికంటే ఎక్కువ బాధ పెట్టింది ఇంకొకటి. మీటరు 12 చూపించింది కదా! మరి సెట్టు ఎందుకు కాలింది? ఒక ఆదివారం పాకాలకు వచ్చినప్పుడు మా ఫిజిక్సు సారు ఇంటికి పోయి అడిగినాను. ఆయన తిట్టలేదు. బడి తాళం తెప్పించి, ల్యాబులో ఆ బూడిద రంగు పెట్టెను తీసి, నాబు 12 మీద పెట్టి మీటరు తగిలించారు. ముల్లు 10 దగ్గర నిలబడింది. అప్పుడు ఒక కెపాసిటరు తెచ్చి ఆ రెండు టెర్మినళ్ళ మధ్య తగిలించారు. ముల్లు 16 దాటిపోయింది. పెట్టె అదే, నాబు కదల్లేదు.

ఆయన చెప్పిన వివరణ ఇది. ఆ రకం పెట్టెల్లో, పాత రకం ఛార్జర్లలో ఒక ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు తప్ప ఇంకేమీ ఉండవు. బయటికి వచ్చేది ఒకే దిక్కుకు పోయే కరెంటే గానీ, సాపుగా ఉండదు. సెకనుకు 100 సార్లు సున్నా నుంచి శిఖరానికి ఎక్కి దిగుతూ ఉంటుంది. ముల్లు మీటరు ఆ ఎత్తుపల్లాల సగటు చూపిస్తుంది. కానీ సెట్టు లోపల వచ్చే కరెంటును సాపు చేయడానికి ఒక పెద్ద కెపాసిటరు ఉంటుంది. అది శిఖరం దాకా నిండుతుంది. మా షాపు ఛార్జరులో ట్రాన్స్‌ఫార్మరు 15 వోల్టులది. దాని శిఖరం 15ను 1.414తో గుణిస్తే వస్తుంది, 21. డయోడ్లలో పోయేది తీసేసినా దాదాపు 20. సెట్టులో ఉన్న కెపాసిటరు 16 వోల్టుల వరకే తట్టుకునేది. అందుకే పేలింది.

అందులో ఛార్జరు తప్పేమీ లేదు. దాన్ని బ్యాటరీ కోసం చేసినారు. బ్యాటరీ తగిలించి ఉంటే ఆ ఎత్తుపల్లాలను బ్యాటరీయే మింగేస్తుంది. బ్యాటరీని పీకేసి ఛార్జరును బ్యాటరీ అనుకోవడం నా తప్పు. సారు చివర్లో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "నీకు లెక్క రాక కాదురా. ఆ లెక్క చెయ్యాల్సింది అక్కడేనని తెలియలేదు."

అప్పటినుంచి షాపులో ఏ వస్తువు బల్ల మీద పెట్టినా రెండు లెక్కలు చేస్తాను. ఒకటి వోల్టుల లెక్క, రెండోది ఆంపియర్ల లెక్క.

మొదట వోల్టులు. కారు బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కో గదికి 2.1 వోల్టుల చొప్పున, నిండా ఛార్జి అయిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 ఉంటుంది. ఇంజను తిరిగేటప్పుడు ఆల్టర్నేటరు దాన్ని 13.8 నుంచి 14.4 దాకా తీసుకుపోతుంది. అందుకే కారు వస్తువులను 12కు మాత్రమే కాకుండా, ఇంచుమించు 11 నుంచి 14.4 దాకా పనిచేసేటట్టు చేస్తారు. సాపైన 12 ఇచ్చినా, 13.8 ఇచ్చినా సెట్టుకు ఇబ్బంది లేదు. పెద్ద బస్సుల్లో, చాలా లారీల్లో 24 వోల్టులుంటాయి. ఆ వస్తువులను, కారు వస్తువులను కలపకూడదు.

రెండోది ఆంపియర్లు. పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడ. "సెట్టుకు రెండు ఆంపియర్లు చాలు, పది ఆంపియర్ల సప్లై పెడితే కాలిపోదా?" అని అడుగుతారు. కాలిపోదు. మిద్దె మీద ట్యాంకు ఎంత పెద్దదైనా, కొళాయి ఎంత తిప్పితే అన్ని నీళ్ళే వస్తాయి. వోల్టులు సరిగా ఉన్నప్పుడు, ఎంత కరెంటు కావాలో వాడుకునే వస్తువే తీసుకుంటుంది. సప్లై మీద రాసిన ఆంపియర్లు 'ఇంతవరకు ఇవ్వగలను' అని చెప్పే మాట. చిన్న సప్లై పెడితేనే చిక్కు. ఇంటర్నెట్టు అడాప్టరు సాధారణంగా ఒకటి, రెండు ఆంపియర్లది. సెట్టు చిన్న సౌండులో ఒక ఆంపియరు లోపల సరిపెట్టుకుంటుంది, పాట వస్తుంది. సౌండు పెంచి డప్పు దెబ్బ పడగానే ఒక్కసారిగా ఐదారు ఆంపియర్లు అడుగుతుంది. అడాప్టరు ఇవ్వలేదు, వోల్టులు పడిపోతాయి, సెట్టు ఆగిపోయి మళ్ళీ మొదటినుంచి వెలుగుతుంది. అప్పుడు పిల్లలు సెట్టు పాడైందని నా దగ్గరికి తెస్తారు. సెట్టు బాగానే ఉంటుంది.

హెడ్‌లైటు బల్బు ఇంకో ఉదాహరణ. 60 వాట్లను 12తో భాగిస్తే 5 ఆంపియర్లు. కానీ చల్లగా ఉన్న బల్బు తీగకు నిరోధం చాలా తక్కువ. వెలిగించిన మొదటి క్షణంలో దానికి ఎన్నో రెట్లు ఎక్కువ లాగుతుంది. అందుకే 5 ఆంపియర్ల సప్లై మీద ఆ బల్బు ఒక్కోసారి వెలగదు, సప్లై తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది.

మరి ఇంట్లో ఏది వాడాలి? సీసీ కెమెరాలకు వాడే 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ మామూలు సెట్టుకు సరిపోతుంది. 5 ఆంపియర్లది చాలు, 10 ఆంపియర్లదైతే నిశ్చింత. తిరుపతిలో దొరుకుతుంది, చెన్నై రిచీ వీధిలో ఇంకా రకరకాలు దొరుకుతాయి. ఇనుప రేకు డబ్బాలో వచ్చే రకానికి 230 వోల్టుల స్క్రూలు పైకే కనబడుతూ ఉంటాయి. వాటికి మూత ఉండాలి, ఎర్తు తీగ తప్పకుండా కలపాలి. పిల్లలు ఆ వైపు ముట్టుకోకూడదు. 12 వోల్టుల వైపు షాకు కొట్టదు, 230 వైపు ప్రాణం తీస్తుంది.

పాత కంప్యూటరు సప్లై ఉంటే అదీ పనికొస్తుంది. అందులో పసుపు తీగ 12, నలుపు మైనస్, ఎరుపు 5 వోల్టులు. ఆకుపచ్చ తీగను నలుపుకు కలిపితే సప్లై మొదలవుతుంది. డబ్బా మాత్రం విప్పకూడదు. స్విచ్చి ఆపి ప్లగ్గు పీకినాక కూడా లోపలి కెపాసిటర్లలో కొంతసేపు ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉంటుంది.

ఇక సెట్టు తీగలు. బజారులో అమ్మే చాలా సెట్లకు వెనక వచ్చే తీగల్లో నలుపు మైనస్. పసుపు ఎప్పుడూ బ్యాటరీకి కలిసి ఉండేది, గడియారం, స్టేషన్లు గుర్తుంచుకోవడానికి. ఎరుపు తాళంచెవి తిప్పినప్పుడు కరెంటు వచ్చేది. ఇంట్లో తాళంచెవి ఉండదు కాబట్టి పసుపు, ఎరుపు రెండింటినీ కలిపి ప్లస్‌కు ఇవ్వాలి. ఒక్క పసుపే ఇస్తే సెట్టు వెలగదు. నీలం తీగ యాంటెన్నాకు సెట్టు ఇచ్చే కరెంటు. దానికి మనం కరెంటు ఇవ్వకూడదు, కొనకు టేపు చుట్టి వదిలెయ్యాలి. కంప్యూటరు సప్లై వాడేవాళ్ళు ఒకటి గమనించండి. ఎరుపుకు ఎరుపు అని రంగు చూసి కలిపితే సెట్టుకు 5 వోల్టులే పోతాయి. రంగును నమ్మకుండా మీటరు పెట్టి చూడాలి.

స్పీకర్ల తీగలు తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా జతలుగా వస్తాయి. ఒక్కో జతలో నల్ల గీత ఉన్నది మైనస్. ఆ మైనస్‌లను పాత రేడియోల మాదిరి ఒకదానికొకటి కలపడం, సెట్టు బాడీకి కలపడం చెయ్యకూడదు. చేస్తే లోపలి ఆంప్లిఫయరు పోతుంది. కొత్త కార్లలో కంపెనీ బిగించిన సెట్ల సంగతి వేరే. ప్లగ్గులు, రంగులు మారతాయి. కొన్ని కారు కంప్యూటరు నుంచి సంకేతం రానిదే వెలగవు. వాటిని ఇంట్లో పాడించాలని డబ్బు పోగొట్టుకోవద్దు.

తీగ మందం కూడా లెక్కే. పోనూ రానూ తీగ నిరోధం పదో వంతు ఓము అనుకోండి. 10 ఆంపియర్లు పోతే ఒక వోల్టు తీగలోనే ఆరిపోతుంది. 12 బయల్దేరితే సెట్టుకు 11 చేరుతుంది. ఇది పదో తరగతిలో మీరందరూ చదివిన ఓమ్ నియమం. ఆ నియమాన్ని 1827లో పుస్తకంగా వేసిన జార్జ్ ఓమ్ కూడా జర్మనీలో బడిపిల్లలకు పాఠాలు చెప్పిన అయ్యవారే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. సప్లైకి, సెట్టుకి మధ్య ఫ్యూజు ఉండాలి. ప్లస్ మైనస్ తారుమారు చేస్తే చాలా సెట్లలో ఒక డయోడు ఆ కరెంటును తన మీద వేసుకొని ఫ్యూజును కాల్చేస్తుంది. సెట్టు బతుకుతుంది. ఫ్యూజు బదులు సిగరెట్టు పెట్టె రేకు చుట్టితే ఆ డయోడు పోతుంది, దాని వెనకే బోర్డు పోతుంది. రేకు చుట్టిన సెట్లు నా దగ్గరికి ఇప్పటికీ వస్తా ఉండాయి.

కొత్త వస్తువును మొదటిసారి వెలిగించేటప్పుడు నేను ఇంకో పని చేస్తాను. ప్లస్ తీగ మధ్యలో కారు ఇండికేటరు బల్బు, 21 వాట్లది, సీరీస్‌లో పెడతాను. సెట్టులో షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. రెండు ఆంపియర్లకు మించి కరెంటు పోదు, ఏమీ కాలదు. బాగుంటే బల్బు మినుకుమంటుంది, లేదా వెలగనే వెలగదు. అప్పుడు బల్బు తీసేసి నేరుగా ఇస్తాను. ఖరీదైన ల్యాబు సప్లైల్లో ఈ పనికి కరెంటు లిమిటు నాబు ఉంటుంది. నాబు లేనివాళ్ళకు బల్బే నాబు.

ఇంట్లో చెయ్యకూడనివి మూడు చెబుతాను. ఎయిర్‌బ్యాగుకు సంబంధించిన దేన్నీ బల్ల మీద పెట్టి కరెంటు ఇవ్వొద్దు, చివరికి ఓము మీటరు కూడా పెట్టొద్దు. దాని లోపల ఉండేది మందు, పేలుతుంది. స్టార్టరు మోటారును ఈ సప్లైల మీద తిప్పాలని చూడొద్దు, దానికి వందల ఆంపియర్లు కావాలి. మన తిరుపతి దగ్గర కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ ఉంది, బ్యాటరీ మనకు ఇంటి వస్తువు మాదిరి అయిపోయింది. అయినా తలుపులు మూసిన గదిలో దాన్ని ఛార్జి చెయ్యొద్దు. ఛార్జింగులో హైడ్రోజన్ వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇక ముగిస్తాను. ఆ 15 నెలలు అయినాక మొదటిసారి మా అమ్మ చేతిలో 150 రూపాయలు పెట్టినాను. "జీతం పెరిగిందా నాయనా?" అని అడిగింది. అవునన్నాను. ఆ రోజు పాయసం చేసి పెట్టింది. మా అమ్మ ఇప్పుడు ముందు వరసలోనే కూర్చొని ఉంది. అమ్మా, జీతం పెరగలేదు. సెట్టు కాల్చినాను. ఇన్నాళ్ళకు ఇక్కడ ఒప్పుకుంటా ఉండాను.

నాకు ల్యాబు తలుపు తెరిచిన సారు ఇప్పుడు మన మధ్య లేరు. ఆయన ఆ ఆదివారం ఒక గంట నాకోసం ఖర్చు పెట్టకపోయి ఉంటే, నేను భయపడి ఈ పనే మానేసేవాణ్ణి. అందుకే హెడ్మాస్టరు గారికి ఒక మనవి. మన ల్యాబుకు నేను ఒక బల్ల తయారుచేసి ఇస్తాను. దాని మీద 12 వోల్టుల సప్లై, మూసేసిన 230 కనెక్షను, ఫ్యూజు, సీరీస్ బల్బు, ఒక మీటరు, ఐదు పాత సెట్లు ఉంటాయి. నెలకొక శనివారం సాయంత్రం బడి అయినాక వచ్చి ఒక గంట నేనే పక్కన నిలబడతాను.

పిల్లలు అక్కడ తప్పులు చెయ్యాలి. తీగలు తారుమారు చెయ్యాలి, ఫ్యూజులు కాల్చాలి. నేను ఒక తప్పుకు 15 నెలలు కట్టినాను. వాళ్ళ తప్పుకు ఒక ఫ్యూజు సరిపోతుంది. ఫ్యూజు ఐదు రూపాయలు. ఎన్ని కాలినా ఆ లెక్క నా ఖాతాలో రాయండి.